ఇంకొక్క చుట్టు

9 డిసెంబర్ 2024, సోమవారం

మెషిన్ ఆగిపోయింది.

అప్పుడు నేను ఎస్.కోటలో ఉన్నాను, మోటారు రీవైండింగ్ షాపు దగ్గర. శనివారం నేను మార్చిన నీటి పైపు దగ్గర కారుతోందని మా మెషిన్ ఆపరేటర్ ధర్మన్న ఫోన్ చేశాడు. కొంచెం బిగించమన్నాను. సాయంత్రం బస్సు దిగి మా కాఫీ యూనిట్‌కి వచ్చేసరికి, నీళ్లు మెషిన్‌లోకి వెళ్లే చోట అల్యూమినియం పోత దిమ్మ నిలువునా చీలి ఉంది. వెంట్రుకంత చీలిక. దాని ముందు ధర్మన్న పైపు రెంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బిగించాను సెల్లీ. టక్కుమన్నాది" అన్నాడు.

 నేను ఇంకేమీ అడగలేదు.

నీళ్లు లేకపోతే పళ్ల తోలు తీసే ఈ పల్పర్ తిరగదు. షెడ్డు బయట కాఫీ పళ్ల బస్తాలు వరసగా ఉన్నాయి. ఈ రోజు వంతు కరకగుడది, ధర్మన్న సొంత ఊరిది. కోసిన రోజే పళ్ల తోలు తీయాలి. రేపటి వరకు ఆగుతాయేమో. ఎల్లుండికి పులుస్తాయి.

ఇరవై ఏళ్లుగా రెంచి పట్టినవాడికి ఎక్కడ ఆగాలో తెలియదా.

10 డిసెంబర్

చీలిన దిమ్మని విప్పి అతుకు పెట్టించడానికి జీపులో విశాఖ పంపారు. అల్యూమినియం అతికేవాళ్లు అక్కడే ఉన్నారు. మూడు రోజులంటున్నారు. కొత్తది తెప్పించాలంటే సముద్రాలు దాటి రావాలి, ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

కరకగుడలో చేత్తో తిప్పే పల్పర్లు రెండే ఉన్నాయట. ఆడవాళ్లు వచ్చి కొన్ని బస్తాలు తిరిగి మోసుకెళ్లారు. మిగిలినవి నీడలో పరిచి నీళ్లు చల్లాం. నేనూ చల్లాను.  ఆడవాళ్లు వాళ్లలో వాళ్లు తమ కువి భాషలో మాట్లాడుకున్నారు. నాకు రాదు.

11 డిసెంబర్

పళ్ల వాసన మారింది.

12 డిసెంబర్

పారబోశారు. ఎరువు గుంతలో. ఎర్రటి పళ్లు నల్లబడి, మీద ఈగలు.

రైతు సంఘం పెద్ద యర్రయ్య గుంత గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. ధర్మన్న పార పట్టుకుని గుంతలో దిగి ఉన్నాడు. యర్రయ్య అతన్ని తిట్టలేదు. "మనూరోడే మన పళ్లు పాడు సేసినాడు" అని మాత్రం అన్నాడు, నాతో అన్నట్టు. ధర్మన్న పార ఆపలేదు.

యూనిట్ మేనేజర్ ప్రేమ్‌కుమార్ గారు రిపోర్టు అడిగారు. పైవాళ్లకి పంపాలట.

13 డిసెంబర్, శుక్రవారం

రిపోర్టు రాశాను. నాలుగు వాక్యాలు. చివరిది: "ఆపరేటర్ అవసరానికి మించి బిగించడం వల్ల పోత దిమ్మ చీలినది."

అబద్ధం ఏమీ లేదు అందులో. బిగించాడు, చీలింది.

మేనేజర్ గారు ధర్మన్నని పిలిచి చదివి వినిపించారు. "ఏమైనా చెప్తావా?" అన్నారు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. ఫోన్ సంగతి చెప్తాడేమో అనుకున్నాను.

"నా సేత్తోనే బిగించాను బాబూ" అన్నాడు ధర్మన్న. వేలిముద్ర వెయ్యలేదు, సంతకం చేశాడు. సంతకం నేర్పింది నేనే, ఆగస్టులో.

ఈ సీజన్‌కి పనిలోకి రావద్దన్నారు. వెళ్తూ గుమ్మం దగ్గర నా వైపు చూసి "ఎల్లొత్తాను సెల్లీ" అన్నాడు, మామూలుగా.

14 డిసెంబర్

దిమ్మ వచ్చింది. అతుకు బాగానే పెట్టారు, లోపలి మర చుట్లు, థ్రెడ్, పెద్దగా పాడవలేదు.

బిగించేముందు ఆ నిపిల్‌నే, పోయిన శనివారం నేను వేసిన ఆ చిన్న పైపు ముక్కనే, చేత్తో తిప్పి చూశాను. నాలుగు చుట్లు హాయిగా ఎక్కింది. ఐదోది పట్టేసింది. తీసి వెలుతుర్లో చూస్తే థ్రెడ్ మీద ఒక అంచునే ఒత్తుకున్న మెరుపు. సరైన జత అయితే రెండు వైపులా సమంగా ఒత్తుకోవాలి.

కుతూహలం కొద్దీ థ్రెడ్డు కొలిచే గేజి తీశాను. రంపంలా పళ్లున్న దాని సన్నటి రేకుల్లో అంగుళానికి పద్నాలుగు చుట్లు అని ఉన్నవి రెండు రేకులు. ఒకటి యాభై అయిదు డిగ్రీలది, మన దగ్గర ఏ షాపులో కొన్నా వచ్చే బ్రిటిష్ పైపు థ్రెడ్డుకి. రెండోది అరవై డిగ్రీలది, అమెరికా వాళ్ల థ్రెడ్డుకి. మొదటిది నిపిల్ మీద అతికినట్టు కూర్చుంది. దిమ్మ థ్రెడ్డు లోపల పెడితే సన్నగా వెలుతురు కనిపించింది. రెండో రేకు పెట్టాను. చీకటి, సరిగ్గా సరిపోయింది.

మెషిన్ దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. అక్కడ ఆ థ్రెడ్డే వాడతారు. ముప్పావు అంగుళం సైజులో రెండింటికీ చుట్ల లెక్క ఒకటే, అందుకే మొదట ఎక్కుతుంది. బిగిసిందనుకుంటాం. నిజానికి ఒక థ్రెడ్డు ఇంకోదాన్ని తినేస్తూ ఉంటుంది. ఎంత టేపు చుట్టినా కారుతుంది. ఇంకా బిగిస్తే మెత్తటి లోహం ఏదో అది చీలుతుంది.

తుక్కు డబ్బా వెతికాను. పోయిన శనివారం నేను విప్పి పడేసిన ఇత్తడి ముక్క దొరికింది. బొటనవేలంత పొడవు. ఒక చివర థ్రెడ్ల తలలు చదునుగా కోసినట్టున్నాయి, ఇంకో చివర గుండ్రంగా ఉన్నాయి. ఒకటి మెషిన్‌కి, ఒకటి మన పైపుకి. మెషిన్ బిగించినవాళ్లు తెలిసే పెట్టారు.

అది విప్పేటప్పుడు ధర్మన్న అన్నాడు, "తొలీనుంచీ ఉన్నాదిది. తీసేత్తన్నావేటి సెల్లీ?" అని. జాయింటు ఎంత తక్కువైతే లీకు అంత తక్కువన్నా, అని చెప్పాను. ఐటిఐలో మాకు చెప్పిన మాటే.

ఆ ఇత్తడి ముక్కని మధ్యలో తిరిగి బిగించాను. పంపు వేశాను. చుక్క కారలేదు.

మేనేజర్ గారు వచ్చి చూసి, "అదీ, చదువుకున్న చెయ్యి" అన్నారు.

15 డిసెంబర్, ఆదివారం

సెలవు. గదిలోనే ఉన్నాను. లాడ్జి వెనక గది కాబట్టి టూరిస్టుల పిల్లల గోల గోడలోంచి వినిపిస్తుంది. పొగమంచు పన్నెండు దాకా విడవలేదు.

ఆలోచిస్తే ఇందులో తప్పు పూర్తిగా నాదే కాదు. మెషిన్‌తో వచ్చిన పుస్తకం స్పానిష్‌లో ఉంది. ఆ ముక్క మీద ఏమీ రాసి లేదు. మా ఐటిఐలో అమెరికా థ్రెడ్డు గురించి ఒక్క పీరియడ్ చెప్పారు, ఆ రోజు కరెంటు లేదు. విశాఖలో పెద్ద పెద్ద వర్క్‌షాపుల్లో కూడా పొరబడతారు. పైగా బిగించింది నేను కాదు.

ఇప్పుడు చెప్తే ఏమవుతుంది. పళ్లు తిరిగి రావు. ధర్మన్నకి ఊళ్లో ఇల్లుంది, కాఫీ తోట ఉంది, రాగి చేను ఉంది. ఈ ఉద్యోగం పోతే నేను పార్వతీపురం వెళ్లాలి. అమ్మ పోయాక అది అన్నయ్య వదినల ఇల్లు. మొన్న దసరాకి వెళ్తే వదిన నాకు కొత్త దుప్పటి తీసి ఇచ్చింది, చుట్టాలకి ఇచ్చేది.

సీజన్ అయ్యాక నెమ్మదిగా ధర్మన్నని తిరిగి తీసుకోమని మేనేజర్ గారికి చెప్తాను. అదే మంచిది.

18 డిసెంబర్

మధ్యాహ్నం డబ్బా ఒక్కదాన్నే తిన్నాను. జూన్‌లో చేరినప్పటి నుంచి ధర్మన్నతో కలిసి తినేదాన్ని. అతని భార్య సోములమ్మ వదిన రాగి అంబలి, అడ్డాకుల్లో చుట్టిన కూర ఏదో ఒకటి నాకూ కలిపి పంపేది. "ఒక్కతివీ వొండుకుంటావేటి" అనేది.

ఇవాళ ఎవరో తాగి వదిలేసిన కుళాయి మూయడానికి తప్ప లేవలేదు.

20 డిసెంబర్, శుక్రవారం

సంతలో సోములమ్మ వదిన కనిపించింది. నేల మీద గోనె పరిచి చిక్కుడుగింజలు, అల్లం అమ్ముతోంది. నన్ను చూసి ఇదివరకట్లా పక్కన చోటు జరపలేదు. "ఏటి కావాలి మేడమ్" అంది.

ఒక కుప్ప అల్లం కొన్నాను. నాకు అల్లంతో పనేముంది.

ధర్మన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"ఉన్నాడు" అంది.

25 డిసెంబర్

క్రిస్మస్‌కి మా ఇంటికే రావాలని సోములమ్మ వదిన నవంబర్‌లోనే చెప్పింది. వాళ్ల ఊళ్లో చిన్న చర్చి ఉంది.

హోటల్ నుంచి పార్సిల్ తెచ్చుకున్నాను.

28 డిసెంబర్

యర్రయ్య యూనిట్‌కి వచ్చాడు. కరకగుడ ఊటనీళ్ల ట్యాంకు దగ్గర వాల్వు పట్టేసిందట, సగం ఊరికి నీళ్లు రావట్లేదు. ఎవరినైనా పంపమని అడిగాడు.

"ధర్మన్న ఉన్నాడు కదా" అన్నాను.

"ఆడు రెంచీ ముట్టుకోడమ్మా. సామాను సంచీ కూడా బావమర్దికి ఇచ్చేసినాడు. మేవూ ముందు కోపంగా ఉండి పలకరించనేదు. ఇప్పుడు పిలిసినా రాడు. నా సెయ్యి సెడిపోనాది అంతాడు."

సోమవారం వస్తానన్నాను.

30 డిసెంబర్, సోమవారం

కరకగుడ వెళ్లాను. వాల్వు బాగు చేయడం గంట పని కూడా కాదు. మన షాపుల థ్రెడ్డే, ఇబ్బంది లేదు. ఆడవాళ్లు బిందెలతో చుట్టూ నిలబడ్డారు. ధర్మన్న తన ఇంటి అరుగు మీద నుంచి చూస్తున్నాడు. దగ్గరికి రాలేదు. పని అయ్యాక నేనే వెళ్లాను.

గడ్డం పెరిగింది. మేకపిల్లకి ఆకు పెడుతున్నాడు.

"బాగు సేసీసినావా" అన్నాడు.

"నువ్వైతే ఇంకా బేగి చేసుందువు."

తల అడ్డంగా ఊపాడు. "నా వొల్ల కాదు సెల్లీ. మా అయ్యకీ ఇలాగే అయినాది. ముసిలోడయినాక గొడ్డలి ఎక్కడేత్తే ఎక్కడ పడతాదో తెలిసీది కాదు. నాకు ముందే వొచ్చీసినాది. ఇరవయ్యేళ్లు బిగించినాను, ఎప్పుడు ఆపాలో నా సేతికే తెలిసీది. ఆరోజు తెలవనేదు." కుడి చెయ్యి తిప్పి అరచేతిని చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అయినట్టు. "మంచిదేలే. మనిసి మీద పడకుండా దిమ్మతోనే పోనాది."

నేను ఫోన్ సంగతి బయటపెడతాడని భయపడ్డాను. అతను దాన్ని కావాలని దాచలేదు. అసలు లెక్కలోకే తీసుకోలేదు. నా రిపోర్టు నమ్మాడు.

చెప్పాల్సింది. చుట్టూ జనం ఉన్నారు. లాస్ట్ జీపు వెళ్లిపోతోంది.

నిజానికి జనం లేరు. మేకపిల్ల ఉంది. జీపు ఇంకో గంటకి గానీ లేదు. కల్వర్టు మీద ఆ గంటా కూర్చుని ఎక్కాను.

31 డిసెంబర్

లాడ్జి ముందు టూరిస్టులు మంట వేసుకుని పాటలు పెట్టారు.

ఫోన్లో నేను అన్న మాటలు ఇవి. ఇంతవరకు రాయలేదు.

అతను: "నాలుగు సుట్లు ఎక్కినాది సెల్లీ, మరింక ఎక్కట్నేదు. గట్టిగా ఉన్నాది. ఒగ్గేనా?"

నేను: "ఇంకొక్క చుట్టు వెయ్యన్నా."

అతను: "పట్టేసినట్టున్నాది."

నేను: "నేను చెప్తున్నా కదా. వెయ్యి. ఏం కాదు."

అతని చెయ్యి ఆగమంది. వెయ్యమన్నది నేను.

2 జనవరి 2025, గురువారం

సెలవు పెట్టి కరకగుడ వెళ్లాను. నిపిల్, గేజి సంచిలో వేసుకున్నాను. తుక్కులో దొరికిన మెషిన్ పాత అమెరికా ప్లగ్గు, పైపు చివర మూసేది, ఒకటి కూడా. ధర్మన్న, వదిన పెరట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

ఎలా మొదలుపెట్టాలో తెలియక నిపిల్, ప్లగ్గు రెండూ అతని ముందు పెట్టాను.

"ఇవి రెండూ ఒకటేనా చెప్పు."

చూశాడు. "ముప్పావు. ఒకటే."

"గోటితో రాసి చూడు."

రాశాడు. కనుబొమలు దగ్గరికొచ్చాయి. "ఇది నున్నగా పోతంది. ఇది పలకగా, సదునుగా ఉన్నాది."

గేజిలో మన థ్రెడ్డు రేకు తీసి ప్లగ్గు మీద పెట్టి ఎండకి ఎత్తాను. "ఏం కనిపిస్తోంది?"

"ఎలుతురు. సన్నగా."

నిపిల్ మీద పెట్టాను.

"నేదు. మూసుకుపోనాది."

చెప్పాను. మెషిన్‌ది ఒక థ్రెడ్డు, నేను కొన్నది ఒక థ్రెడ్డు. మధ్యలో ఉన్న ఇత్తడి ముక్క ఎందుకుందో తెలియక నేనే పీకేశాను. ఎవరు బిగించినా అది చీలేదే. నువ్వు ఆపుతానంటే నేను ఆపనివ్వలేదు. రిపోర్టులో అది రాయలేదు.

నిపిల్ని తీసుకుని వేళ్లతో తిప్పాడు.

"అయితే నా సెయ్యి కాదు" అన్నాడు.

"కాదన్నా."

"గట్టిగా ఉన్నాదని నాకు తెలిసినాది."

"తెలిసింది. చెప్పావు కూడా."

"నువ్వు సదువుకున్నదానివి, నీకు ఇంకా బాగా తెలుసుననుకున్నాను." తర్వాత అడిగాడు, "ఇదంతా నీకు ఎప్పుడు తెలిసినాది?"

ఈ ప్రశ్న వస్తుందని దారంతా అనుకుంటూనే వచ్చాను.

"పద్నాలుగో తారీకున. నువ్వు వెళ్లిన మర్నాడు."

వదిన చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "కిస్మస్‌కి ఈయన సర్చికి కూడా రానేదు" అంది. "అందరూ సూత్తారని. నీకప్పటికే తెలుసునా?"

"తెలుసు వదినా."

ధర్మన్న లేచాడు. ముక్కలు రెండూ నా సంచి మీద జాగ్రత్తగా పెట్టి తోటలోకి వెళ్లిపోయాడు. నేను ఇంకా కూర్చునే ఉన్నాను. కాసేపటికి వదిన చాట తీసుకుని లేస్తూ, "ఎల్లిపో అమ్మా. మంచు దిగితాది" అంది.

3 జనవరి

మేనేజర్ గారికి కొత్త రిపోర్టు ఇచ్చాను. చదివి తలుపు వేశారు.

"ఇప్పుడెందుకండీ ఇది? మెషిన్ తిరుగుతోంది. అతన్ని వచ్చే సీజన్‌కి తీసుకుంటాను, మాటిస్తున్నాను. దీన్ని చింపేద్దాం."

"వాళ్ల ఊరివాళ్లు అతనే పాడు చేశాడనుకుంటున్నారు సార్."

"పైకి పంపితే మిమ్మల్ని ఉంచరు. తెలుసా?"

తెలుసన్నాను. కాగితం ఆయన టేబుల్ మీదే వదిలి వచ్చాను.

5 జనవరి, ఆదివారం

ప్రార్థన అయ్యాక కరకగుడలో యర్రయ్య అందరినీ కూర్చోబెట్టాడు. నిలబడి చెప్పాను. పార్వతీపురం తెలుగు అందరికీ అర్థం కాదని యర్రయ్య కువిలో తిరిగి చెప్పాడు. నేను ఒక్క ముక్కలో చెప్పింది అతను చాలాసేపు చెప్పాడు. ఏం కలిపాడో తెలియదు. వింటున్నవాళ్లు మధ్యమధ్యలో నన్ను కాదు, ధర్మన్నని చూశారు.

ఒక ముసలావిడ తెలుగులో అడిగింది, "మా పళ్లు గుంతలో ఏసిన రోజు నువ్వూ ఉన్నావు గదా. నోరు రానేదా?"

రాలేదన్నాను.

ఎవరూ తిట్టలేదు. ధర్మన్న పక్కన కూర్చున్నతను ఆకుచుట్ట వెలిగించి ముందు అతనికి అందించాడు. నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి సమావేశం అయిపోయిందని అర్థమై బయల్దేరాను.

నాలుగు కిలోమీటర్లు నడిచాను. ఒక జీపు డ్రైవర్ ఆపి ఎక్కుతారా అన్నాడు. వద్దన్నాను.

9 జనవరి

లెటర్ వచ్చింది. నా ఉద్యోగం నెలాఖరు వరకే. ధర్మన్నని సోమవారం నుంచి రమ్మన్నారు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. "వచ్చేయ్, ఏముంది" అన్నాడు. వెనక నుంచి వదిన ఎన్నాళ్లకి అని అడగడం వినిపించింది.

13 జనవరి

ధర్మన్న వచ్చాడు. బావమర్ది దగ్గర నుంచి సంచీ తెచ్చుకున్నాడు. నాకు నమస్కారం పెట్టాడు. ఇదివరకెప్పుడూ పెట్టలేదు. తన డబ్బా వాచ్‌మన్‌తో కలిసి తిన్నాడు.

20 జనవరి

పళ్లు తగ్గాయి. మెషిన్ మధ్యాహ్నానికే ఆపేస్తున్నాం. చెయ్యడానికి పని లేదు, వెళ్లడానికి ఇంకా పదకొండు రోజులుంది.

24 జనవరి, శుక్రవారం

ఇవాళ ధర్మన్నే నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"నువ్వు ఎల్లిపోతే ఇవన్నీ ఎవులు సెప్తారు? నాకు సూపించు" అన్నాడు. సెల్లీ అనలేదు, మేడమ్ అనలేదు.

షెడ్డు మూల గోనెసంచిలో పాత ఫిట్టింగులు పోగుపడి ఉన్నాయి, ఏ మెషిన్ నుంచి ఊడదీసినవో ఎవరికీ తెలియదు. నేల మీద పోశాం. ఎదురెదురుగా కూర్చున్నాం. అంగుళం సైజుకి చుట్ల లెక్కలోనే తేడా ఉంటుందని, స్కేలు పెట్టి లెక్కేస్తే దొరుకుతుందని చూపించాను. అర, ముప్పావు దగ్గర లెక్క మోసం చేస్తుంది, అక్కడ కోణం చూడాలని చెప్పాను. కొన్ని చివరికంటా ఒకే లావు, కొన్ని సన్నబడతాయి, అవి వేరు చెయ్యాలన్నాను. అతను ఒక్కసారి విని తల ఊపేవాడు. గేజి ఇస్తే తీసుకున్నాడు గానీ ఎక్కువగా వాడలేదు. కళ్లు సగం మూసుకుని గోటితో రాస్తున్నాడు.

రెండు కుప్పలు పెట్టాం. నా పక్కన మన థ్రెడ్డువి, అతని పక్కన అమెరికా వాళ్లవి. రెండు గంటలు. ముక్క ముక్క తగిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

సంచి ఖాళీ అవుతుండగా అతను చెయ్యి చాపి నా కుప్పలోంచి ఒక చిన్న ఎల్బో, వంపు ముక్క, తీశాడు. తిప్పాడు. తన కుప్పలో వేశాడు.

"అది నేను చూసే వేశానన్నా" అన్నాను.

"ఇంకోపాలి సూడు."

మన థ్రెడ్డు రేకు పెట్టి కిటికీ వైపు ఎత్తి చూశాను. వెలుతురు. సన్నగా, కానీ ఉంది.

చెప్పడానికి తలెత్తాను. అతను అప్పటికే ఇంకోటి చేతిలోకి తీసుకున్నాడు.